క్వారీ కంప్రెసర్‌కి లారీ ఇంజిన్ వేయొచ్చా? చేతులు కాల్చుకున్నవాడి జవాబు

మీరు అడిగింది ఇది: చీమకుర్తి దగ్గర చిన్న గ్రానైట్ క్వారీ ఉంది, 450 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి) కంప్రెసర్ ఇంజిన్ పనికొచ్చింది, 30 టన్నుల ప్రొక్లెయిన్ కూడా పొగ మొదలుపెట్టింది. విజయవాడ ఆటోనగర్‌లో అదే హార్స్‌పవర్ ఉన్న లారీ ఇంజిన్ రెండు లక్షలు తక్కువకు వస్తోంది. అది వేయొచ్చా, అసలు మైనింగ్ మిషన్‌కి ఇంజిన్ ఎలా చూసుకోవాలి అని.

(బయటివాళ్లు చదివితే తికమక పడతారు. మా మెకానిక్‌ల భాషలో ఇంజిన్ "పనికొచ్చింది" అంటే విప్పి రిపేరు చేయాల్సిన స్థితికి వచ్చిందని అర్థం.)

నేను ఐటీఐ డీజిల్ మెకానిక్ చేసి, ముందు రామగుండం వైపు ఓబీ (బొగ్గు మీది మట్టి తీసే పని) కాంట్రాక్టర్ల దగ్గర, తర్వాత చీమకుర్తి క్వారీల్లో మెయింటెనెన్స్ చూశాను. కంప్రెసర్‌కి లారీ ఇంజిన్ వేయొద్దు. ఎందుకో నా సొంత తప్పుతోనే చెబుతాను, ఎందుకంటే మీరు ఇప్పుడు వేస్తున్న లెక్కే 2012లో నేనూ వేశాను.

మా కంప్రెసర్ మీ సైజుదే. వంద పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర ఒక హెచ్‌పీకి సుమారు 4 సీఎఫ్‌ఎం అని మోటు లెక్క, అంటే 450 సీఎఫ్‌ఎంకి 110-115 హెచ్‌పీ కావాలి. నాకు దొరికిన లారీ ఇంజిన్ 130 హెచ్‌పీ. పదిహేను ఎక్కువే ఉంది కదా అని ఓనర్‌ని నేనే ఒప్పించి వేయించాను. ఫిబ్రవరిలో బిగించాం, బ్రహ్మాండంగా నడిచింది. స్టార్టింగ్ బాగుంది, పొగ లేదు. ఓనర్ నా భుజం కూడా తట్టాడు.

ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండింటికల్లా టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గర కూర్చునేది. కెనపీ (కంప్రెసర్‌ని కప్పే రేకు పెట్టె) తలుపులు తెరిచిపెట్టాం. అది ఇంకో తప్పు. తలుపులు మూసి ఉంటేనే ఫ్యాన్ లాగిన గాలి రేడియేటర్ గుండా పోతుంది, తెరిస్తే దారి మళ్లి పక్కనుంచి పోతుంది. తర్వాత తడి గోనెసంచి కట్టాం. ఒక కుర్రాడిని పెట్టి గంటకోసారి రేడియేటర్ మీద నీళ్లు కొట్టించాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మాకు హెడ్ పగిలింది. నాలుగో సిలిండర్ దగ్గర, ఇన్‌లెట్ వాల్వ్ సీటుకీ ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకీ మధ్య వెంట్రుక మందాన గీత. పెట్రోమ్యాక్స్ వెలుగులో మామూలుగా చూస్తే కనపడలేదు. డీజిల్‌తో తుడిచి సుద్దపొడి చల్లితే నల్లగా తేలింది. అప్పటికి మీటర్ మీద ఏడు వందల గంటలు కూడా కాలేదు.

ఇంజిన్ చెడ్డది కాదు. అదే ఇంజిన్ లారీలో లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. కానీ లారీ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఫుల్ యాక్సిలరేటర్, దిగేటప్పుడు విశ్రాంతి, టోల్‌గేటు దగ్గర ఐడిల్, పైగా అరవై స్పీడులో ఎదురుగాలి రేడియేటర్‌కి ఊరికే దొరుకుతుంది. కంప్రెసర్‌కి అవేవీ ఉండవు. పొద్దున నాలుగు జాక్‌హ్యామర్లు తగిలించారంటే అన్నానికి ఆపేదాకా ఒకే ఆర్‌పీఎం, ఒకే లోడ్, ఎదురుగాలి సున్నా. పైగా పక్కనే రాతిగోడ వేడి. 130 హెచ్‌పీ అన్నది ఆ ఇంజిన్ అప్పుడప్పుడు ఇచ్చే బలం, రోజంతా మోసే బలం కాదు. రోజంతా అంటే అది నూరు కూడా మోయలేదని నాకు తర్వాత అర్థమైంది.

అందుకే ఇండస్ట్రియల్ ఇంజిన్ డేటా షీట్‌లో ఒకే మోడల్‌కి రెండు మూడు హెచ్‌పీలు రాసి ఉంటాయి: కంటిన్యువస్, ఇంటర్మిటెంట్ అని. కమిన్స్ వాళ్ల కేటీఏ38 తీసుకోండి. కె అంటే సిరీస్, టి టర్బో, ఎ ఆఫ్టర్‌కూలర్, 38 అంటే లీటర్లు. 12 సిలిండర్లు, బోరూ (సిలిండర్ వెడల్పు) స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) రెండూ 159 మిల్లీమీటర్లే. బీఈఎంఎల్ వంద టన్నుల డంపర్లలో ఉండేది ఇదే, వెయ్యి హెచ్‌పీ పైచిలుకు. అదే ఇంజిన్‌ని పడవలకి అమ్మేటప్పుడు పనిని బట్టి 800 పైచిలుకు నుంచి 1,200 దాటేదాకా రకరకాల రేటింగ్‌లు ఇస్తారు. ఇనుము ఒకటే, రోజుకి ఎన్ని గంటలు ఎంత లోడ్ అన్నదే తేడా. అమ్మేవాడు మీకు ఒకే అంకె చెప్పాడంటే, అది పెద్ద అంకే అయి ఉంటుంది. "కంటిన్యువస్ ఎంత?" అని అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ప్రొక్లెయిన్ సంగతి వేరే. దానికి లోడ్ ఒక్కసారిగా పడుతుంది. బకెట్ బండ కింద దూరి లాగగానే హైడ్రాలిక్ పంపు ఇంజిన్ మెడ పట్టుకుంటుంది, ఆర్‌పీఎం పడుతుంది. అప్పుడు కూర్చుండిపోతుందా, బిగపట్టి లేస్తుందా అన్నది టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) మీద ఉంది. లెక్క తేలిక: న్యూటన్ మీటర్లని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు. రెండు ఇంజిన్లూ 2000 ఆర్‌పీఎం దగ్గర 150 కిలోవాట్లే అనుకోండి. రెంటికీ అక్కడ టార్క్ సుమారు 716. కానీ 1400కి పడినప్పుడు ఒకటి 800 ఇస్తుంది, ఇంకోటి 950 ఇస్తుంది. మొదటిది అక్కడ 117 కిలోవాట్లు, రెండోది 139. ముప్పై హెచ్‌పీ తేడా, అదీ అవసరమైన చోట. బ్రోషర్ మొదటి పేజీలో ఇది ఉండదు, లోపల గ్రాఫ్‌లో ఉంటుంది. ఆపరేటర్ "దమ్ము లేదు సార్" అంటే అర్థం ఇదే.

ఇక గాలి. ఆరు లీటర్ల టర్బో ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి పదివేల లీటర్ల చొప్పున గాలి పీలుస్తుంది. మన క్వారీలో ఆ గాలి అంతా రాతిపొడే. మన బంగారు చుక్కల బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ చూడ్డానికి అందం గానీ, ఆ పొడి పిస్టన్ రింగుకి ఆకురాయితో సమానం. కాబట్టి ఇంజిన్ కొనేటప్పుడు ఫిల్టర్ హౌసింగ్ కూడా చూడాలి. ముందు దుమ్ము విసిరేసే ప్రీక్లీనర్, తర్వాత పెద్ద ఎలిమెంట్, దాని లోపల సేఫ్టీ ఎలిమెంట్ ఉండాలి. పక్కన ఎర్ర రంగు పైకొచ్చే చిన్న ఇండికేటర్ ఉంటుంది. టర్బో ఇంజిన్లకి సాధారణంగా 25 అంగుళాల నీటి మట్టం (గాలి లాగుడు కొలత) దాకా ఫిల్టర్ అడ్డు ఓకే, అది దాటితే ఎర్రగా వస్తుంది. ఎర్ర రాకముందే తీసి దులపడం మనవాళ్లకి పెద్ద సరదా. మా దగ్గర హెల్పర్ ఒకడు రోజూ సాయంత్రం ఫిల్టర్‌ని టైరుకేసి కొట్టి, వంద పీఎస్‌ఐ గొట్టం పెట్టి ఊదేవాడు. శుభ్రంగా ఉందని మేమూ మెచ్చుకున్నాం. కాగితం మడతల మధ్య గుండుసూది మొనంత చిల్లులు పడ్డాయి. ఒకరోజు అనుమానం వచ్చి ఫిల్టర్ తర్వాతి పైపు విప్పి, తెల్లగుడ్డ వేలికి చుట్టి లోపల తిప్పాను. గుడ్డ బూడిదరంగులో బయటికొచ్చింది. బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికొదిలే గొట్టం) నుంచి అప్పటికే పొయ్యిమీద ఎసరులా ఆవిరి తంతోంది. విప్పి చూస్తే టాప్ రింగ్ బ్లేడులా అరిగిపోయింది. మీ పాత ఇంజిన్ ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది బిగించకండి. ముందు ఆ వేలి పరీక్ష చేయండి, హోస్ క్లాంపులు కూడా చూడండి. కారణం అదే అయితే కొత్త ఇంజిన్‌కీ అదే గతి.

నీళ్లు కూడా అంతే. ప్రకాశం జిల్లా బోరు నీళ్లు ఎలా ఉంటాయో బకెట్ అంచున తెల్ల చారే చెబుతుంది. రేడియేటర్‌లో పోస్తే అదే చార లోపల కడుతుంది. వెట్ లైనర్ (చుట్టూ నీళ్లు తగిలే, విడిగా తీయగలిగే సిలిండర్ గొట్టం) ఉన్న ఇంజిన్‌లో ఇంకో గండం. పిస్టన్ కొట్టుడికి లైనర్ సన్నగా అదురుతుంది, దాని వెనక నీళ్లలో బుడగలు పుట్టి పగులుతాయి, అవి కొట్టీ కొట్టీ ఇనుముకి సూదిపోట్లంత రంధ్రాలు పెడతాయి. ఒకరోజు డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటుంది. అడిటివ్ ఉన్న మంచి కూలెంట్ పోస్తే లైనర్ మీద పొర కట్టి కాపాడుతుంది. అలాగని వెట్ లైనర్ వద్దనను. నాకు అదే ఇష్టం. కమిన్స్ వాళ్ల 5.9 లీటర్ల 6బీటీలో బ్లాకే బోరు, అరిగితే బ్లాకు దింపి మిషన్ షాపుకి పంపాలి. 8.3 లీటర్ల 6సీటీలో వెట్ లైనర్, క్వారీలోనే లాగి కొత్తది దించొచ్చు. పని ఆగే రోజులు తగ్గుతాయి.

ఎలక్ట్రానిక్ ఇంజిన్ అంటే భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇష్టం ఉన్నా లేకున్నా కొత్త మిషన్లు వాటితోనే వస్తాయి. కన్‌స్ట్రక్షన్ మిషన్లకి 2021 ఏప్రిల్ నుంచి పొగ కాలుష్య నిబంధనల్లో స్టేజ్ నాలుగు, 2025 జనవరి నుంచి స్టేజ్ ఐదు వచ్చాయి. సెన్సార్లు, యూరియా, మసి పట్టే ఫిల్టర్ అన్నీ ఉంటాయి. డీజిల్ కొంచెం తక్కువ తాగుతాయి, అది నిజం. కానీ కామన్ రైల్ (చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ కొట్టే పద్ధతి) ఇంజెక్టర్‌కి తుప్పుపట్టిన డ్రమ్ములోంచి చేతిపంపుతో కొట్టిన డీజిల్ పోస్తే వారం రోజులు కూడా ఆగదు. డ్రమ్ము అడుగున నీళ్లుంటాయి. నీళ్లు వేరుచేసే ఫిల్టర్, మూత ఉన్న ట్యాంకు పెట్టగలిగితేనే అటు వెళ్లండి. ఇంకో సంగతి, మిషన్‌ని గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలే అలవాటుంటే ఆ మసి ఫిల్టర్ మూసుకుపోతుంది. ఆపరేటర్ ఏసీ కోసం ఆన్‌లో పెట్టి నిద్రపోవడం ఇక కుదరదు.

ఇప్పుడు మీ రెండు లక్షల సంగతి. 115 హెచ్‌పీ కంప్రెసర్ 80 శాతం లోడ్‌లో గంటకి 17 లీటర్ల దాకా తాగుతుంది. రోజుకి 8 గంటలు, ఏడాదికి 280 రోజులంటే 38 వేల లీటర్లు. లీటరు 95 అనుకున్నా 36 లక్షలు. అరిగిన పంపూ ఇంజెక్టర్లతో వచ్చిన పాత లారీ ఇంజిన్ 5 శాతం ఎక్కువ తాగినా ఏడాదికి 1.8 లక్షలు పోయాయి. మిగిలిందనుకున్నది దాదాపు మొదటి ఏడాదే తాగేస్తుంది. (గంటల మీటర్‌తో డీజిల్ లెక్క రాసే పుస్తకం పెట్టండి. తగ్గిన డీజిల్ ఇంజిన్ తాగిందో మనిషి తాగాడో అప్పుడు తెలుస్తుంది.)

నేనైతే మీ స్థానంలో ఇలా చేస్తాను. కంప్రెసర్‌కి అదే పాత మోడల్ ఇండస్ట్రియల్ ఇంజిన్, కంటిన్యువస్ రేటింగ్ 115కి తగ్గనిది, బ్లాకు బాగుంటే పాతదాన్నే ఓవర్‌హాల్ చేయించడం ఇంకా మేలు. ప్రొక్లెయిన్‌ని మాత్రం ఇప్పుడే విప్పొద్దు. పొగ రంగు చూడండి. నీలి పొగ అయితే ఆయిల్ తాగుతోంది, నల్ల పొగ అయితే ముందు ఫిల్టర్, టర్బో, ఇంజెక్టర్లు. నల్ల పొగకి ఇంజిన్ మార్చిన ఓనర్లని చూశాను. ఒంగోల్లోనో విజయవాడలోనో ఏ కంపెనీ స్పేర్లు రాత్రికి రాత్రి దొరుకుతాయో అది కూడా చూసుకోండి. గ్యాస్కెట్ కోసం నాలుగు రోజులు ఆగితే ఎంత గొప్ప ఇంజిన్ అయినా దండగే.

చివరికి వేరే మోడలే తీసుకోవాల్సివస్తే, డబ్బు కట్టేముందు టేపు తీసుకుని పాత ఇంజిన్ ఫ్లైవీల్ హౌసింగ్ దగ్గరికి వెళ్లండి. బోల్టు రంధ్రాలు పన్నెండు ఉంటాయి. ఎదురెదురు రంధ్రాల మధ్య 428.6 మిల్లీమీటర్లుంటే అది ఎస్‌ఏఈ (హౌసింగ్ సైజుల ప్రమాణం) 3, 466.7 ఉంటే 2, 530.2 ఉంటే 1. కొత్త ఇంజిన్ హౌసింగ్ అదే నంబరు కాకపోతే అడాప్టర్ ప్లేటు లేతు మీద తిప్పించాలి, సెంటర్ వెంట్రుకవాసి తప్పినా కంప్రెసర్ బేరింగ్ పోతుంది. ఆ కొలతా, పాత ఇంజిన్ మీదున్న ప్లేటు ఫోటో పెట్టండి, ఏ మోడల్ సరిపోతుందో చూసి చెబుతాను.