బండి ముందు కాదు, వెనక చూసి మార్కులు వేస్తాను

అడిగిన ప్రశ్నలు రెండు. కుక్కలతో ఎప్పుడైనా గుండె ఝల్లుమన్న అనుభవం ఉందా అనేది ఒకటి, మీ ఊళ్లో ఫాస్ట్ ఫుడ్‌కు పదికి ఎన్ని మార్కులు వేస్తారనేది ఇంకొకటి. విడివిడిగా రాద్దామనుకున్నాను గానీ, నా విషయంలో రెండింటికీ జవాబు ఒకే సందులో ఉంది.

మాది హనుమకొండ. నయీంనగర్, కిషన్‌పుర వైపు తిరిగినవాళ్లకు తెలుసు, కాలేజీలూ కోచింగ్ సెంటర్లూ హాస్టళ్లూ అన్నీ అటే. పొద్దు గూకితే బండ్లు తెరుచుకుంటాయి. నేను మార్కులు వేసేది బర్గర్లకూ పిజ్జాలకూ కాదు, ఈ బండ్లకే. పెద్ద కడాయి, కింద భగభగమనే మంట, ఎగ్ ఫ్రైడ్ రైస్, చికెన్ నూడిల్స్, గోబీ మంచూరియా. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మకాయ చెక్కలు.

ముందు కుక్కల సంగతి.

రాత్రి పదకొండు దాటింది. ఒక బండి దగ్గర చికెన్ ఫ్రైడ్ రైస్ పార్సిల్ కట్టించుకుని, మెయిన్ రోడ్డు చుట్టూ తిరగడమెందుకని వెనక సందులోకి తిరిగాను. ఆ సందులో ఒక ఖాళీ ప్లాటు ఉంది. బండ్లవాళ్ల చెత్తంతా అక్కడే పడుతుంది: చికెన్ తోలు, కొవ్వు ముక్కలు, లెగ్ పీసుల ఎముకలు, తిని వదిలేసిన ప్లేట్లు. స్ట్రీట్ లైటు ఉంది గానీ వెలగట్లేదు. ముందు రెండు కుక్కలు మొరిగాయి. అవి మామూలే, మొరిగే కుక్కల పక్కనుంచి పోవడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటే కదా. కానీ ప్లాటులోంచి ఇంకో మూడు నాలుగు లేచి, చప్పుడు లేకుండా నాకు రెండు పక్కలా వచ్చాయి. టెన్షన్ మొదలైంది అక్కడే. ముందున్నవి మొరుగుతుంటే మన కళ్లు వాటి మీదే ఉంటాయి, అసలు పని వెనకనుంచి వచ్చేది చేస్తుంది.

ఉరుకుదామని కాలు లేచింది. ఎదురింటి గేటు దగ్గర కూర్చున్న ఒక ముసలామె గట్టిగా కేకేసింది: “బిడ్డా, ఉరకకు! ఉరికితే ఎంబడి పడ్తయ్. గాడనే నిలవడు!”

నిలబడ్డాను. వీపు గోడకు ఆనించాను, వెనకనుంచి ఏదీ రాకుండా. చేతులు ఊపలేదు, వాటి కళ్లలోకి చూడలేదు. అన్నిటికంటే దగ్గరికొచ్చింది ఒక గోధుమ రంగు ఆడకుక్క. పొదుగు వేలాడుతోంది, అంటే పిల్లతల్లి. పెదవి పైకి లేపి, పళ్లు కనబడేలా, గొంతులో సన్నగా గుర్రుమంటోంది. తోక నిటారుగా ఉంది, ఊగట్లేదు. మిగతావాటిలో రెండింటికి చెవి కొస కత్తిరించి ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలేసిన కుక్కలకు పెట్టే గుర్తు అది. దీనికి మాత్రం చెవులు నిండుగా ఉన్నాయి. భయంలో కూడా ఇవన్నీ ఎలా చూశానో తెలియదు గానీ, చూశాను.

దాని ముక్కు నా చేతిలోని కవరు మీదే ఉందని అర్థమైంది. నూటయాభై రూపాయల పార్సిల్‌ను మెల్లగా కింద జారవిడిచి, గోడ పట్టుకుని పక్కకు జరిగాను. అది కవరు మీద పడింది, మిగతావి దాని మీద పడ్డాయి. ఆ తోపులాటలో ఒక పన్నో గోరో నా పిక్కకు గీసుకుంది. ముసలామె కర్ర తట్టుకుంటూ వచ్చి గేటు తీసింది. వాళ్ల పంపు కిందే సబ్బుతో కడిగాను. చారలాగా ఎర్రగా ఉంది, రక్తం మాత్రం రాలేదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ గీతను మా ఇంట్లో కూడా “ఏం కాదులే” అన్నారు. రక్తం రాకపోయినా గీరుకుంటే రేబిస్ టీకా వేయించుకోవాల్సిందే. డాక్టర్లు దాన్ని రెండో కేటగిరీ అంటారు. చర్మం చీలి రక్తం వస్తే మూడో కేటగిరీ, అప్పుడు టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే, రేబిస్‌ను వెంటనే అడ్డుకునే మందు కూడా ఇవ్వాలి. ముందు చేయాల్సింది పదిహేను నిమిషాలపాటు ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో కడగడం. కారం, పసుపు, సున్నం అద్దకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితంగా వేశారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లనే కథ మా నాయనల కాలంది, ఇంకా దానికి భయపడి ఆసుపత్రికి పోనివాళ్లున్నారు. ఇప్పుడు చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28 రోజులకు రెండు చేతులకూ వేస్తారు. కండకు ఇచ్చేదైతే 14వ రోజు కూడా ఉంటుంది. కరిచిన కుక్కను పది రోజులు గమనించమంటారు, నిజమే. కానీ అది బతికుందో చచ్చిందో చూసి అప్పుడు టీకా మొదలుపెడదామనుకోవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దాదాపు దక్కడు.

మర్నాడు ఆ బండి అతనితో మాట్లాడాను. “అన్నా, అవి ఏమనయ్ అన్నా, రోజూ ఈడనే ఉంటయ్,” అన్నాడు. అతన్ని ఏమీ అనవు, నిజమే. అన్నం పెట్టేవాణ్ణి ఎందుకంటాయి?

నాకు అసలు కోపం వచ్చింది ఆ మాటకే. వీధిలో ఎవరైనా కుక్కలకు రెండు ముద్దలు పెడితే కాలనీ అంతా వాళ్ల మీద పడుతుంది. రోజూ తట్టెడు చికెన్ చెత్త ఒకే చోట పారబోసే బండి కూడా కుక్కలను మేపుతున్నట్టే కదా! పైగా ఆ తిండి కోసం వచ్చినవి ఆ జాగాను తమదిగా కాపలా కాస్తాయి, అక్కడే పిల్లల్ని పెడతాయి. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న, తిండి పెట్టడానికి ప్రత్యేకంగా కేటాయించిన చోటే పెట్టాలని కూడా అంది. అదే ఏడాది నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోంచి కుక్కలను తరలించమంది. అంతా బాగానే ఉంది గానీ, చెవి కత్తిరించిన కుక్క కూడా ఎముకల కుప్ప ఎక్కడుంటే అక్కడికే వస్తుంది. హైదరాబాద్ అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ల పిల్లాడిని కుక్కలు చంపేసిన వీడియో చూసినవాళ్లెవరూ దీన్ని చిన్న విషయమనరు.

అందుకని నా మార్కుల పద్ధతి మారింది. ఇప్పుడు కొత్త బండి కనబడితే ముందు వెనక్కి వెళ్లి చూస్తాను. మూత ఉన్న డ్రమ్ము ఉందా? చికెన్ కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయి? బండి కింద ఎన్ని కుక్కలు పడుకున్నాయి? ఒకటి రెండు ఉంటే సరే. అరడజను ఉన్నాయంటే, చెత్త విషయంలో అంత నిర్లక్ష్యంగా ఉన్నవాడు అన్నం విషయంలో జాగ్రత్తగా ఉంటాడని నేను నమ్మను. మూడు మార్కులు అక్కడే పోతాయి.

ఇక రుచికొస్తే, ఎగ్ ఫ్రైడ్ రైస్ మా ఊరి బండ్ల మీద నిజంగా బాగుంటుంది. కిషన్‌పుర వైపు ఒకతను చేసేది చూస్తూ నిలబడిపోతాను. గుడ్డు ఒంటి చేత్తో కడాయి అంచుకు కొట్టి, పెంకు చూడకుండానే వెనక బకెట్‌లోకి విసిరేస్తాడు. గుడ్డు ఇంకా గలగల ఉడుకుతుండగానే అన్నం వేసి, మంట పెంచి, గరిటె వీపుతో ఉండలు విడగొడతాడు. సోయా సాస్ అన్నం మీద పోయడు, కాలిన కడాయి పక్క మీద పోస్తాడు. ఒక్కసారి పొగ లేస్తుంది, ఆ పొగ వాసనే అన్నానికి పడుతుంది. మెతుకుకు మెతుకు విడివిడిగా ఉంటుంది. టేస్టింగ్ సాల్ట్ వద్దంటే మొహం మాడ్చుకోకుండా మానేస్తాడు. ఎనిమిది మార్కులు. అన్నం సాయంత్రమే వండి తెస్తాడు కాబట్టే ఎనిమిది. మధ్యాహ్నం వండి తడిగుడ్డ కప్పి ఉంచిన అన్నమైతే వేడి వేడిగా వేయించినా లాభం లేదు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది, అది మళ్లీ వేడిచేసినా పోదు. వాంతులకు చికెన్‌ను తిడతాం గానీ చాలాసార్లు దోషి అన్నమే.

నూడిల్స్‌కు ఆరు. క్యాబేజీ ఎక్కువ, నూడిల్స్ తక్కువ.

గోబీ మంచూరియాకు నాలుగున్నర. చికెన్ మంచూరియాను 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు పుట్టించాడని చెబుతారు. చైనాకూ దానికీ సంబంధం లేదు, మనదే. కానీ మన దగ్గరికొచ్చేసరికి అది గోబీ అయి, ఎర్రగా హోలీ ఆడినట్టు తయారైంది. కర్ణాటక 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. మన బండ్ల మీద మాత్రం తిన్నాక వేళ్లు రెండుసార్లు కడిగినా ఎరుపు పోదు. రంగు వేయకుండా చేయమని అడిగి చూడండి, కొందరు చేస్తారు, రుచి ఏమీ తగ్గదు.

షవర్మాకు మూడు. మయోనైజ్ మీద నాకు నమ్మకం లేదు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. ఊరికే చేయలేదు కదా. ఎండాకాలంలో పగలంతా బయటున్న డబ్బాలోంచి గరిటెతో తీసి పూస్తుంటే చూడలేం.

మిర్చి బజ్జీని ఫాస్ట్ ఫుడ్ కింద లెక్కేయొచ్చంటే దానికి తొమ్మిది. చీల్చి, ఉల్లిగడ్డ, నిమ్మరసం, వేయించిన పల్లీలు కూరినదైతే ఇంకా అర మార్కు. నూనె మాత్రం చూసుకోండి. నల్లబడి, బజ్జీ వేయగానే నురగ పొంగి తగ్గకపోతే నిన్నటి నూనె, కాకపోతే మొన్నటిది.

వెనక ప్లాటున్న బండి సంగతి కూడా చెప్పేస్తాను. రుచికి ఏడు ఇవ్వొచ్చు, అబద్ధమెందుకు. మూత డ్రమ్ము పెట్టమని నేనూ, ఆ ముసలామె కొడుకూ, ఇంకొందరు కాలనీవాళ్లూ చెప్పాం, కార్పొరేషన్‌కు ఫిర్యాదు కూడా ఇచ్చాం. డ్రమ్ము వచ్చింది, మూత రాలేదు. నాలుగు.

ఊరు మొత్తం మీద అయితే ఆరుకు కాస్త పైన. షవర్మాను లెక్కలోంచి తీసేయనిస్తే దాదాపు ఏడు.