అమ్మాయి టికెట్ల కంపెనీ పెడతానంటోంది, ఆరు లక్షలు ఇవ్వమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. మొన్న కాలేజీ ఫెస్ట్‌కి ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మే పేజీ తనే తయారు చేసింది. 1,800 టికెట్లు అమ్ముడుపోయాయి. అప్పటి నుంచి ప్లేస్‌మెంట్స్‌కి కూర్చోను, ఇద్దరు స్నేహితులతో కలిసి ఈవెంట్ టికెట్ల కంపెనీ పెడతానంటోంది. యాప్ చేయించడానికి ఆరు లక్షలు అడుగుతోంది. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని, రెండేళ్లలో రిటైరవుతాను. ఇవ్వమంటారా, వద్దంటారా? – ఒక తండ్రి, పిఠాపురం

జవాబు: మాస్టారూ, డబ్బు సంగతి తర్వాత చూద్దాం. 1,800 మంది చేత డబ్బు కట్టించి, టికెట్ పంపి, గేటు దగ్గర గొడవ లేకుండా లోపలికి పంపడం చిన్న పని కాదండీ. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఐడియా ఒక్కటే తెస్తారు. మీ అమ్మాయి పని చేసి చూపించింది. ముందు ఆ మాట తనకి మీ నోటితో చెప్పండి.

ఈ రంగంలో పెద్దవాళ్లు గట్టిగా పాతుకుపోయి ఉన్నారు. బుక్‌మైషో నడిపే బిగ్‌ట్రీ కంపెనీ 1999లో మొదలైంది. బుక్‌మైషో అన్న పేరు జనంలోకి వచ్చింది 2007లో. మధ్యలో డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలిన రోజులన్నీ వాళ్లు ఓర్చుకున్నారు. 2024లో పేటీఎం తన సినిమా, ఈవెంట్ టికెట్ల వ్యాపారాన్ని జొమాటోకి 2,048 కోట్ల రూపాయలకు అమ్మేసింది. ఆ ఏడాదే జొమాటో వాళ్ల టికెట్ల యాప్ డిస్ట్రిక్ట్ వచ్చింది. హైదరాబాద్‌లోనే పుట్టిన ఈవెంట్ టికెట్ల సంస్థ మేరాఈవెంట్స్ కూడా ఉంది. కాబట్టి సినిమా టికెట్లు, స్టేడియం కచేరీల జోలికి మీ అమ్మాయి వెళ్లకూడదు. అక్కడ ముగ్గురు పిల్లలు నిలబడలేరు.

వాళ్ల చెయ్యి సరిగా అందని చోటు మాత్రం మీ చుట్టుపక్కలే చాలా ఉంది. రాజమండ్రిలో ఆదివారం పొద్దున పెట్టే 5కె రన్, భీమవరంలో స్టాండప్ కామెడీ, డ్యాన్స్ స్కూలు వార్షికోత్సవం, కాలేజీ ఫెస్ట్‌లు, వారాంతపు వర్క్‌షాపులు. వీటిలో చాలావాటికి ఇప్పటికీ టికెట్ అంటే ఒక గూగుల్ ఫామ్, ఒక ఫోన్‌పే నంబరు, ‘స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేయండి’ అన్న మాట. నిర్వాహకుడు అర్ధరాత్రి దాకా కూర్చుని స్క్రీన్‌షాట్లను బ్యాంకు ఎంట్రీలతో ఒక్కొక్కటీ పోల్చుకుంటాడు. ఆ టెన్షన్ తీర్చేవాళ్లకి గిరాకీ ఉంటుంది.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఒక లెక్క వేద్దాం. 400 రూపాయల టికెట్లు 200 అమ్మారనుకోండి, మొత్తం 80,000. ఐదు శాతం కమీషన్ అంటే 4,000. పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే కంపెనీ, రెండు శాతం తీసుకుంటే 1,600, దాని మీద 18 శాతం జీఎస్టీ 288. మీ అమ్మాయి చేతిలో మిగిలేది 2,112 రూపాయలు. మెసేజ్‌లు, సర్వర్, పెట్రోలు ఇంకా తీయలేదు. ముగ్గురూ తలా 15,000 తీసుకోవాలంటే నెలకి 22 కార్యక్రమాలు కావాలి. నెలకి ఆదివారాలేమో నాలుగో ఐదో. అందుకే కమీషన్ ఒక్కదాని మీద బతకలేరు. కొనేవాళ్ల దగ్గర టికెట్‌కి ఇరవై రూపాయల కన్వీనియన్స్ ఫీజు, గేటు దగ్గర స్కాన్ చేయడానికి మనుషుల్ని పెట్టినందుకు నిర్వాహకుడి దగ్గర విడిగా రుసుము, ఇలా రెండు మూడు వైపుల నుంచి రావాలి. అసలు సంపాదన గేటు దగ్గరే ఉందని నా నమ్మకం. ఎందుకంటారా, చెబుతాను.

కొన్నేళ్ల క్రితం విజయవాడలో మేం ఒక కెరీర్ మేళా పెట్టాం. యాభై రూపాయల టికెట్, అంతా ఆన్‌లైనే. పది గంటలకల్లా గేటు ముందు జనం కిక్కిరిసిపోయారు, ఫోన్లలో నెట్ చచ్చిపోయింది. స్కానింగ్ పేజీ గిర్రున తిరుగుతూనే ఉంది. నూజివీడు వైపు నుంచి కొడుకుని తీసుకొచ్చిన ఒకావిడ ఫోన్లో క్యూఆర్ కోడ్ చూపిస్తే ‘ఇది ఇప్పటికే వాడేశారు’ అని వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్ వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగిందట. ‘నేను డబ్బులు కట్టానండీ’ అంటూ ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడని లోపలికి పంపి, కొనుగోలుదారుల జాబితా ప్రింట్ తీయించి, పేరు, ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు చూసి మిగతావాళ్లని పంపాం. అది అక్కడితో అయిపోయింది. మేం టికెట్లు అప్పగించిన సంస్థ మూడు రోజుల్లో ఇస్తామన్న డబ్బు నలభై రోజులకి ఇచ్చింది. ఈలోగా హాలు అద్దె, షామియానా, భోజనాలు నా జేబులోంచి కట్టాను.

మీ అమ్మాయి ఈ వ్యాపారంలోకి దిగేముందు గట్టిగా మనసులో పెట్టుకోవాల్సింది ఇదే. ఖాతాలో పడ్డ ఎనభై వేలలో తనది నాలుగు వేలే. మిగతాది నిర్వాహకుడిది. కార్యక్రమం రద్దయితే అది కొన్నవాళ్లది. ఆ డబ్బుని సర్వర్ బిల్లుకో జీతాలకో ఒక్కసారి వాడారా, ఆ తర్వాత తేరుకోవడం చాలా కష్టం. నిజానికి ఆ డబ్బు తన ఖాతాలోకి రాకుండా ఉండటమే మేలు. ఒకరి తరఫున వసూలు చేసి ఇంకొకరికి చేర్చే పేమెంట్ అగ్రిగేటర్లకు రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి. లైసెన్సుకి దరఖాస్తు చేసేనాటికే 15 కోట్ల నెట్‌వర్త్, అంటే అప్పులు పోను మిగిలే ఆస్తి, చూపించాలి. అది మనవల్ల కాదు. లైసెన్సు ఉన్న గేట్‌వే కంపెనీ దగ్గర స్ప్లిట్ సెటిల్‌మెంట్ అడగమనండి. టికెట్ డబ్బు నేరుగా నిర్వాహకుడి ఖాతాకి, కమీషన్ మాత్రం మీ అమ్మాయి ఖాతాకి వెళ్తుంది. రద్దయితే గేట్‌వే ఛార్జీలు సాధారణంగా వెనక్కి రావు. అవి ఎవరు భరించాలో మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి.

పన్నుల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. 20 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ అక్కర్లేదు కదా అని స్నేహితులు చెబుతారు. ఇతరుల టికెట్లు అమ్మిపెట్టి డబ్బు వసూలు చేసే ఈ-కామర్స్ వేదికకి ఆ వెసులుబాటు లేదు, మొదటి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. పన్ను వర్తించే టికెట్ల మీద జీఎస్టీలో 0.5 శాతం టీసీఎస్ (వసూలు దగ్గరే పట్టుకునే పన్ను), ఆదాయపు పన్నులో 0.1 శాతం టీడీఎస్ పట్టుకునే బాధ్యత కూడా వేదికదే. 500 రూపాయల లోపు నాటకం, సంగీత కచేరీ, నృత్య ప్రదర్శన టికెట్లకు మాత్రం జీఎస్టీ మినహాయింపు ఉంది, చిన్న ఊళ్లలో అది బాగా కలిసొస్తుంది. మొదటి నెలలోనే ఆడిటర్‌ని కలవండి. పోలీసు అనుమతి, పాటలు వేస్తే మ్యూజిక్ లైసెన్సు నిర్వాహకుడి పనులే, కానీ అవి లేక కార్యక్రమం ఆగితే జనం తిట్టేది టికెట్ అమ్మినవాళ్లనే. అవి చూశాకే అమ్మకం తెరవాలి.

ఇక ఆరు లక్షలు. యాప్‌కి ఇవ్వకండి. ఒక్క పూట కార్యక్రమం కోసం ఎవరూ ఫోన్లో యాప్ వేసుకోరు. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కితే తెరుచుకునే పేజీ చాలు, అది మీ అమ్మాయికి చేతనైన పనే. తను బుర్ర పెట్టాల్సింది వేరే చోట ఉంది. ఇద్దరు ఒకే సీటు ఒకేసారి నొక్కితే ఏం చేయాలి, డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే ఎవరు ఫోన్ ఎత్తాలి, నెట్ లేకపోయినా స్కానింగ్ ఎలా నడవాలి. ఇవి నేర్చుకుంటే ఉద్యోగాల ఇంటర్వ్యూలోనూ పనికొస్తాయి. ప్లేస్‌మెంట్స్‌కి తప్పకుండా కూర్చోమనండి. ఆఫర్ చేతిలో ఉంటే నష్టమేమీ లేదు, మీకూ కాస్త నిద్రపడుతుంది. ఈవెంట్ మేనేజ్‌మెంట్ డిప్లొమా అంటూ మళ్లీ ఫీజు కట్టొద్దు.

మీరు 60,000 ఇవ్వండి. గేట్‌వే, జీఎస్టీ, ఆడిటర్, రెండు పాత ఫోన్లు, ప్రయాణ ఖర్చులకి అది సరిపోతుంది. చివరి సంవత్సరంలో పది చిన్న కార్యక్రమాలు చేయమనండి. ప్రతిదానికీ నోటుబుక్కులో ఎన్ని అమ్మాం, ఎంత మిగిలింది, నిర్వాహకుడికి ఎన్ని రోజుల్లో డబ్బు చేరింది, ఎవరు మళ్లీ పిలిచారు అని రాయాలి. స్నేహితులు ముగ్గురూ ఎవరి వాటా ఎంత, ఉద్యోగం వచ్చి ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఏమిటి అన్నది ఇప్పుడే సంతకాలతో రాసుకోవాలి. ఇది మీరు దగ్గరుండి చేయించండి.

పదిలో కనీసం నలుగురు నిర్వాహకులు తమంతట తాము మళ్లీ ఫోన్ చేస్తే, ఆ నోటుబుక్కు తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి. మిగతా డబ్బు గురించి అప్పుడు మాట్లాడుకుందాం. అందాకా అది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉండనివ్వండి.