పాన్‌కేకులో కొవ్వు ఎంత తగ్గించవచ్చు?

ప్రశ్న: వెన్న పూర్తిగా మానేసి పాన్‌కేకులు చేస్తున్నాను. రబ్బరులా సాగుతున్నాయి, చల్లారితే గట్టిపడుతున్నాయి. కొవ్వు తక్కువగా ఉండి, మెత్తగా వచ్చే కొలతలు చెప్పండి.

జవాబు: వెన్న తగ్గించడం మంచిదే. మొత్తం తీసేయడం వల్లే ఈ ఇబ్బంది వచ్చింది. మైదాకు తడి తగిలి గరిటె తిరిగేకొద్దీ అందులోని మాంసకృత్తులు ఒకదానితో ఒకటి ముడిపడి గ్లూటెన్ అనే సాగే జిగురు తయారవుతుంది. పిండికి పట్టిన కొవ్వు ఆ జిగురును ఎక్కువగా అల్లుకోనివ్వదు. అందుకే మెత్తదనం. కొవ్వు లేని పిండిని అలవాటు ప్రకారం నున్నగా వచ్చేదాకా గిలక్కొడితే అడ్డుకునేది ఏదీ ఉండదు కాబట్టి పాన్‌కేకు సాగుతుంది. చేయాల్సినవి రెండే: రెండు టీస్పూన్ల నూనె ఉంచండి, కలపడం బాగా తగ్గించండి.

అరచేయంత పాన్‌కేకులు ఎనిమిదింటికి కొలతలు ఇవి. మైదా 100 గ్రాములు, గోధుమపిండి 50 గ్రాములు, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, చక్కెర 1 టేబుల్‌స్పూను, ఉప్పు పావు టీస్పూను. వేరే గిన్నెలో వెన్న తీసిన పాలు 220 మిల్లీలీటర్లు, గట్టి పెరుగు 2 టేబుల్‌స్పూన్లు, గుడ్డు 1, వాసన లేని నూనె 2 టీస్పూన్లు.

పొడి పదార్థాలన్నీ కలిపి జల్లించండి. తడి పదార్థాలను మాత్రం ఎంత గిలక్కొట్టినా పర్వాలేదు, వాటిలో ఇంకా మైదా లేదు కదా. తర్వాత తడిని పొడిలో పోసి, గరిటెతో అడుగు నుంచి పైకి పది పన్నెండు సార్లు తిప్పి ఆపేయండి. బఠాణీ గింజంత ఉండలు కనిపిస్తాయి, కనిపించాలి కూడా. పది నిమిషాలు వదిలేస్తే అవే నానిపోతాయి. ఆ తర్వాత మళ్లీ కలపవద్దు. కలిపితే పొంగు కోసం ఏర్పడిన గాలిబుడగలు పోతాయి.

నాన్‌స్టిక్ పెనం మధ్యస్థం సెగ మీద పెట్టండి. కొన్ని చుక్కల నూనె వేసి కాగితంతో తుడిచేస్తే చాలు. నూనె మడుగుగా నిలిస్తే కొవ్వు పెరగడమే కాదు, పాన్‌కేకు మచ్చలు మచ్చలుగా వేగుతుంది. పలుచటి పూత ఉన్న పెనం మీదే రంగు అంతటా ఒకేలా వస్తుంది. నీటి చుక్క వేస్తే చిటపటలాడుతూ పరుగెత్తాలి. పావు కప్పుకు కాస్త తక్కువగా పిండి పోసి, పైన వచ్చిన బుడగలు పగిలి ఆ చిల్లులు పూడకుండా నిలిచేదాకా, అంచులు మెరుపు తగ్గేదాకా ఆగండి. సుమారు రెండు నిమిషాలు పడుతుంది. ఒక్కసారే తిప్పండి, రెండో వైపు నిమిషం చాలు. అట్లకాడతో నొక్కవద్దు. నొక్కితే లోపలి గాలి పోయి పాన్‌కేకు చదునుగా అణిగిపోతుంది.

మూడు టేబుల్‌స్పూన్ల వెన్న, కొవ్వు తీయని పాలతో చేసేవాటిలో ఒక్కోదానికి దాదాపు 6 గ్రాముల కొవ్వు ఉంటుంది. పై కొలతతో అది 2 గ్రాముల దగ్గరికి వస్తుంది.

ప్రశ్న: వెన్న బదులు అరటిపండు గుజ్జు వేస్తే పైన నల్లబడుతోంది, లోపల పచ్చిగా ఉంటోంది. ఆపిల్ గుజ్జు నయమా?

జవాబు: పండిన అరటిపండులో చక్కెరలు ఎక్కువ, అవి త్వరగా రంగు తిరుగుతాయి. గుజ్జులోని నీరేమో లోపలి భాగాన్ని ఉడకనివ్వకుండా ఆలస్యం చేస్తుంది. పై కొలతకు సగం అరటిపండు, అంటే 50 గ్రాములు, సరిపోతుంది. అది వేసినప్పుడు చక్కెర పూర్తిగా మానేసి, పాలు రెండు టేబుల్‌స్పూన్లు తగ్గించండి. సెగ ఒక మెట్టు దించి, పాన్‌కేకులు చిన్నవిగా, పలుచగా పోయండి. నూనె రెండు టీస్పూన్లు అలాగే ఉండాలి. గుజ్జు తేమను ఇస్తుంది గానీ కొవ్వు చేసే పనంతా చేయలేదు.

ఆపిల్ గుజ్జుకు సొంత రుచి తక్కువ కాబట్టి వనిల్లా, దాల్చినచెక్క రుచులు బాగా తెలుస్తాయి. ముక్కలను తొక్క తీసి ఉడికించి, నీరు వంచి మెదపండి. నీరు వంచకపోతే పిండి జారుగా అయి పెనం మీద పాకిపోతుంది.

ప్రశ్న: గుడ్డులో పచ్చసొన తీసేసి తెల్లసొన మాత్రమే వేస్తే మంచిదా? గుడ్డే తిననివారికి ఏం వేయాలి?

జవాబు: గుడ్డులోని కొవ్వంతా, సుమారు 5 గ్రాములు, పచ్చసొనలోనే ఉంటుంది. ఎనిమిది పాన్‌కేకులకు పంచితే ఒక్కోదానికి అర గ్రాము పైచిలుకు. అంత చిన్న లాభానికి పచ్చసొన తీయమని చెప్పలేం. అందులోని లెసిథిన్ నూనెనూ నీటినీ కలిపి ఉంచుతుంది. తెల్లసొన ఒక్కటే అయితే ఉడికి బిగుసుకుని పాన్‌కేకు పొడిబారుతుంది. డాక్టరు వద్దన్నవారు మాత్రం ఒక గుడ్డుకు రెండు తెల్లసొనలు వేసి, పెరుగు ఇంకో టేబుల్‌స్పూను పెంచుకోండి.

గుడ్డు తిననివారు అవిసెగింజల పొడి ఒక టేబుల్‌స్పూను, నీళ్లు మూడు టేబుల్‌స్పూన్లు కలిపి పది నిమిషాలు ఉంచితే బంకగా అవుతుంది. పిండిని పట్టి ఉంచడానికి అది చాలు, పొంగు మాత్రం కాస్త తగ్గుతుంది.

ప్రశ్న: మైదా మానేసి ఓట్స్ లేదా బాదం పొడితో చేస్తే కొవ్వు తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. మైదాలో కొవ్వు వందకు ఒక గ్రాము దరిదాపుల్లోనే ఉంటుంది, ఓట్స్‌లో దాదాపు 7 గ్రాములు. బాదంలో ఇంచుమించు సగం బరువు కొవ్వే. అది మంచి రకం కొవ్వే అయినా, కొవ్వు తగ్గించాలన్న లెక్కకు బాదం పొడి పనికిరాదు. ఓట్స్, ముడి గోధుమపిండి వేసుకోవాల్సింది పీచు కోసం. ఓట్స్‌ను మెత్తగా పొడి చేసి మొత్తం పిండిలో మూడో వంతు దాకా వాడండి. వాటిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి అంతకు మించితే తిప్పేటప్పుడు విరుగుతాయి. గోధుమపిండి సగానికి పెంచితే తవుడు నీరు పీల్చుకుంటుంది. రెండు టేబుల్‌స్పూన్ల పాలు అదనంగా పోసి ఇరవై నిమిషాలు నాననివ్వండి.

ప్రశ్న: పాలు, పెరుగు బదులు మజ్జిగతో చేసి వంటసోడా వేశాను. సబ్బు రుచి వచ్చింది, బ్లూబెర్రీల చుట్టూ ఆకుపచ్చగా మారింది.

జవాబు: సోడా ఎక్కువైంది. పులుపుతో కలిసిపోగా మిగిలిన సోడానే సబ్బు రుచినిస్తుంది. బ్లూబెర్రీల రంగు క్షారం తగిలితే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. దాని వల్ల హాని లేదు, కొలత తప్పిందని తెలుస్తుంది. చిక్కటి పుల్ల మజ్జిగ ఒక కప్పు అయితే సోడా అర టీస్పూను, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను. మజ్జిగ పలుచగా, చప్పగా ఉంటే సోడా అసలు వద్దు, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ వేయండి. సోడా వేసిన పిండిని నిలవ ఉంచకుండా వెంటనే కాల్చండి.

ప్రశ్న: పిల్లలు పైన వెన్న, సిరప్ లేకుండా తినరు.

జవాబు: అసలు కొవ్వు అక్కడే చేరుతోంది. ఒక టేబుల్‌స్పూను వెన్నలో 11 గ్రాములకు పైగా కొవ్వు, సుమారు 100 కేలరీలు ఉంటాయి. పైన చెప్పిన కొలతతో చేసిన నాలుగు పాన్‌కేకుల్లో ఉన్నదానికంటే ఆ కొవ్వు ఎక్కువ. సిరప్‌లో కొవ్వు లేదు గానీ టేబుల్‌స్పూనుకు 12 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. స్ట్రాబెర్రీలు గానీ బ్లూబెర్రీలు గానీ 150 గ్రాములు తీసుకుని, ఒక టీస్పూను చక్కెర, రెండు టేబుల్‌స్పూన్ల నీళ్లతో ఐదు నిమిషాలు ఉడికించి సగం మెదపండి. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే తీపి తక్కువైనా రుచి నిలబడుతుంది. వెన్న నునుపు కావాలనే పిల్లలకు, గుడ్డలో వడకట్టిన తక్కువ కొవ్వు పెరుగులో రెండు చుక్కల వనిల్లా కలిపి ఒక చెంచా పైన పెట్టండి.

ప్రశ్న: ముందే చేసి దాచుకోవచ్చా?

జవాబు: దాచుకోవచ్చు. కొవ్వు తక్కువ కాబట్టి మామూలు వాటికంటే త్వరగా పొడిబారతాయి. జాలీ మీద పూర్తిగా చల్లార్చి, మధ్యలో బటర్ పేపర్ పెట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు బాగుంటాయి. ఫ్రీజర్‌లో నెల రోజులు ఉంటాయి. వేడి చేయడానికి టోస్టరు మేలు. మైక్రోవేవ్ అయితే తడి కాగితం కప్పి అర నిమిషం లోపే తీయండి, ఎక్కువసేపు ఉంచితే మళ్లీ గట్టిపడతాయి.