వయసు పైబడిన అమ్మను సన్మానించడమంటే వాక్యం ప్రకారం అసలేం చేయాలి?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి: పెళ్లై అమ్మకు దూరంగా ఉంటున్నవాళ్లు 'నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము' అనే ఐదో ఆజ్ఞను ఎలా పాటించాలి, అమ్మ చెప్పిందల్లా చేసి తీరాలా, మదర్స్ డే నాటి ఆరాధనలో సంఘం ఏం చేస్తే బాగుంటుంది. మొదటిదాని గురించే ఎక్కువ రాస్తాను. చాలామంది తప్పిపోయేది అక్కడే.

నిర్గమకాండం 20:12 ను సండే స్కూల్లో కంఠతా పట్టిస్తాం కాబట్టి అది పిల్లలకిచ్చిన ఆజ్ఞలాగే మిగిలిపోయింది. (కతోలికులు, లూథరన్లు దీన్ని నాలుగో ఆజ్ఞగా లెక్కపెడతారు.) కానీ సీనాయి కొండ దగ్గర ఆ మాట విన్నవాళ్లలో ముసలి తల్లిదండ్రులున్న పెద్దవాళ్లూ ఉన్నారు. సామెతలు 23:22 కూడా తల్లి ముదిమినే ప్రస్తావించి ఆమెను నిర్లక్ష్యం చేయవద్దంటుంది. యేసు ప్రభువు ఈ ఆజ్ఞను ఎత్తి పరిసయ్యులను గద్దించింది కూడా పోషణ విషయంలోనే. మార్కు 7:9-13 చూడండి: తల్లిదండ్రులకు అందవలసింది 'కొర్బాను', అంటే దేవునికి అర్పితం అని చెప్పేసి వాళ్లకేమీ చేయకపోవడాన్ని, దేవుని వాక్యాన్ని రద్దు చేయడంగానే ఆయన ఎంచాడు. పౌలు 1 తిమోతి 5:8 లో ఇంకా ఘాటుగా, ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడన్నాడు. ఆ అధ్యాయం విధవరాండ్ర గురించి. ముందుగా పిల్లలు, మనుమలు చూసుకోవాలి, ఎవరూ లేనివాళ్ల భారం సంఘానిది అన్నది అక్కడి క్రమం.

కాబట్టి డబ్బుతో మొదలుపెట్టండి. 'అడిగితే ఇస్తాంగా' అనే ఏర్పాటు పనిచేయదు. చాలామంది తల్లులు అడగరు; మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుని సరిపెట్టుకుంటారు. జీతం పడిన మర్నాడే ఆమె ఖాతాలోకి డబ్బు వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి. ఆ మొత్తాన్ని రెండుగా ఆలోచించండి: మందులు, అద్దె, కరెంటు, పనిమనిషి జీతం లాంటి ఖర్చులకు ఒకటి, లెక్క అడగకుండా ఆమె చేతిలో ఉంచేది ఇంకొకటి. ఈ రెండోది చిన్నదైనా మానకండి. కానుక పెట్టెలో వేయడానికీ, మనవరాలి చేతిలో ఏదైనా పెట్టడానికీ కొడుకు ముందు చేయి చాచాల్సి రావడం ఆమెకు చాలా కష్టం. ఏడాదికోసారి ఖర్చులు మళ్లీ కూర్చి చూడండి, మందుల ఖర్చు ఎప్పుడూ ఒకేలా ఉండదు. సంఘానికిచ్చే దశమభాగం, అమ్మకిచ్చేది రెండూ బడ్జెట్‌లో విడివిడిగా ఉండాలి. అమ్మ మందులు ఆపుకునేంతగా కానుకలు ఇమ్మని ఎవరైనా ఒత్తిడి చేస్తే, వాళ్లకు మార్కు 7 చదివి వినిపించండి.

దూరంగా ఉన్నవాళ్లు వెంటనే చేయగల పని ఇంకొకటుంది: మందుల కాగితం. ప్రతి మందుకూ కంపెనీ పెట్టిన పేరు, అందులోని అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తిన్నాకా తినకముందా, ఎందుకు ఇచ్చారు, ఏ డాక్టరు రాశారు. కింద ఆమెకు పడని మందులు, పాత ఆపరేషన్లు, ఫోన్ చేయాల్సిన ఇద్దరి నంబర్లు. ఒక కాపీ ఆమె బైబిల్లో, ఒకటి వంటింటి గోడ మీద, ఒకటి మీ ఫోన్‌లో. ఎందుకంటే ఇద్దరు డాక్టర్లు ఒకే మందును రెండు కంపెనీ పేర్లతో రాసిస్తే ఆమెకు తెలియక రెండూ మింగేస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు డబ్బాలన్నీ బల్ల మీద పెట్టి పోల్చి చూడండి, గడువు దాటినవి తీసేయండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి వెలిగే చిన్న లైటు, గోడకు గట్టిగా బిగించిన పట్టుకునే కడ్డీ, కాలు జారని మ్యాట్ కూడా చూడండి. ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి తూలుతారు, కాబట్టి మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవమనండి.

ఫోన్ ఎప్పుడో వీలున్నప్పుడు కాకుండా, వారంలో ఫలానా రోజులు, ఫలానా వేళ అని పెట్టుకోండి. ఆ వేళకు ఆమె ఎదురుచూస్తుంది. తిన్నావా, మందులేసుకున్నావా అనే రెండు ప్రశ్నలతో ఫోన్ పెట్టేస్తే ఆమెకు తనను తనిఖీ చేస్తున్నట్టుంటుంది. నీకు ప్రార్థన నేర్పిందెవరు, బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నావు, ఏ ప్రార్థనకు జవాబు ఆలస్యంగా వచ్చింది, ఏ వచనం పట్టుకుని ఆ కష్టం గట్టెక్కావు అని అడిగి చూడండి. ఆమె ఒప్పుకుంటే ఒక్కో సంగతిని ఇరవై నిమిషాల చొప్పున రికార్డు చేసి, తేదీ పెట్టి, రెండు చోట్ల దాచండి. తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని పౌలు పేర్లు పెట్టి మరీ రాశాడు (2 తిమోతి 1:5). మీ ఇంటి విశ్వాసం ఎవరి నుంచి వచ్చిందో మీ పిల్లలకూ అలాగే తెలియాలి. ఫోన్ పెట్టేముందు మీకోసం ప్రార్థించమని ఆమెనే అడగండి. ఒంట్లో ఓపిక తగ్గినా, తన వల్ల ఇంకా ఇంటికి ఉపయోగం ఉందని ఆమెకు తెలిసేది అలాగే.

చర్చికి తీసుకెళ్లినప్పుడు స్పీకర్ పక్కన కూర్చోబెట్టకండి. వయసుతో తగ్గే వినికిడి అరిస్తే తీరదు, మాటలు ఇంకా కలిసిపోయి వినిపిస్తాయి. వాక్యం చెప్పేవారి ముఖం కనిపించేచోట ముందు వరుసలో కూర్చోబెట్టండి, పెద్దక్షరాల బైబిలు ఇవ్వండి. రాలేని స్థితి వస్తే, ప్రభు బల్ల ఇంటికి తెచ్చి ఇమ్మని పాస్టరుగారిని మీరే అడగండి, ఆమె మొహమాటపడుతుంది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లతో వాదించి సరిదిద్దడం వల్ల ప్రయోజనం లేదు, భయం పెరుగుతుంది. చిన్నప్పటి పాట, 23వ కీర్తన, పరలోక ప్రార్థన నెమ్మదిగా మొదలుపెట్టండి. మిగతావి జారిపోయాక కూడా ఇవి తరచుగా నిలిచి ఉంటాయి.

తోబుట్టువుల మధ్య తగువు దాదాపు ఎప్పుడూ ఒకేలా వస్తుంది: అమ్మ దగ్గరున్నవాళ్లు శ్రమ పడతారు, దూరంగా ఉన్నవాళ్లు డబ్బు పంపి సలహాలిస్తారు. డబ్బు ఒక్కటే చాలదు. దగ్గరున్న అక్కకో వదినకో ఏడాదిలో కొన్ని రోజులైనా పూర్తి విశ్రాంతి దొరికేలా మీరు వెళ్లి ఆ పని భుజాన వేసుకోవాలి. ఖర్చులకు అందరూ చూడగలిగే ఒక లెక్క పుస్తకం ఉండాలి. ఇల్లు మార్చడం, ఆపరేషన్, ఆస్తి కాగితాలు లాంటివి ఆమె లేనప్పుడు తేల్చేసి తర్వాత చెప్పడం సన్మానం కాదు.

ఇక చెప్పిందల్లా చేయాలా అన్నది. 1 రాజులు 2:19 లో సొలొమోను రాజు తన తల్లి బత్షెబను చూసి లేచి ఎదురెళ్లాడు, నమస్కరించాడు, తన కుడిపక్కన ఆసనం వేయించాడు. ఆ వెంటనే, దావీదుకు ముసలితనంలో సేవ చేసిన అబీషగును తన అన్న అదోనీయాకు ఇచ్చి పెళ్లి చేయమన్న ఆమె మనవిని మాత్రం కాదన్నాడు. తర్వాత అదోనీయాను చంపించడం మనకు మాదిరి కాదు గానీ, గౌరవం, సమ్మతి రెండూ ఒకటి కావని అక్కడ కనిపిస్తుంది. పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకుంటాడన్న ఆదికాండం 2:24 ప్రకారం, పెళ్లయ్యాక భార్యాభర్తల విషయాలను వాళ్లిద్దరే తేల్చుకోవాలి. కాదని చెప్పాల్సివస్తే సొంత బిడ్డే చెప్పాలి, కోడలితోనో అల్లుడితోనో చెప్పించకూడదు. నలుగురి ముందు కాకుండా, ఒకే కారణంతో, గొంతు పెంచకుండా చెప్పండి. అత్తగారికీ ఇదే వర్తిస్తుంది. నయోమిని విడవకుండా అంటిపెట్టుకున్న రూతు ఆమెకు కోడలే.

కొట్టిన తల్లి, ఇప్పటికీ హింసించే తల్లి ఉన్నవాళ్లకు ఈ ఆజ్ఞ ఉరితాడు కాకూడదు. దూరంగా ఉండవచ్చు, పిల్లలను ఆమె దగ్గర ఒంటరిగా వదలకపోవచ్చు. తాగుడుకు పోతుందనుకుంటే నగదు ఇవ్వకుండా అద్దె, మందుల బిల్లు నేరుగా కట్టవచ్చు. ఊరంతా ఆమెను దూషిస్తూ తిరగకపోవడం, ఆమెకోసం ప్రార్థించడం, ఇలాంటిచోట అవే సన్మానం. అలాంటివాళ్లకు, తల్లిదండ్రులు విడిచినా యెహోవా చేరదీస్తాడన్న కీర్తన 27:10 ఉంది.

మదర్స్ డే గురించి క్లుప్తంగా. 1908 మే 10న అమెరికాలో గ్రాఫ్టన్ అనే ఊరి మెథడిస్టు చర్చిలో, అక్కడ సండే స్కూలు చెప్పిన తన తల్లి జ్ఞాపకార్థం ఆనా జార్విస్ పెట్టించిన ఆరాధన అది. తర్వాత అచ్చేసిన గ్రీటింగు కార్డుల వ్యాపారాన్ని ఆమే గట్టిగా వ్యతిరేకించింది, అందుకే చేత్తో రాసిన ఒక పేజీ ఉత్తరం మేలంటాను. ఆరాధనలో 'తల్లులందరూ లేచి నిలబడండి' అనడం, ఎక్కువమంది పిల్లలున్న తల్లికి బహుమతివ్వడం మానేయండి. పిల్లలు లేనివాళ్లు, గర్భం పోయినవాళ్లు, బిడ్డను మట్టిలో పెట్టి వచ్చినవాళ్లు ఆ రోజున కూర్చోలేక వెళ్లిపోతారు. వాళ్లందరినీ ఒక్కొక్కరుగా తలచుకుంటూ ఒకే ప్రార్థన చేయండి. పువ్వులిస్తే తలుపు దగ్గర స్త్రీలందరికీ ఇవ్వండి. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు రోజూ పంచే ఆహారం సరిగా అందడానికి ఏడుగురిని ఏర్పరచారు. మీ సంఘంలోనూ ఒంటరి తల్లుల పేర్లు రాసి, ఒక్కో పేరు ఎదురుగా నెలలో రెండుసార్లు వెళ్లి చూసివచ్చేవారి పేరు రాయండి. తల్లిని పోగొట్టుకున్నవాళ్లు ముందుకొస్తే ముందు వాళ్లకే అప్పగించండి.