అడుగున చేరిన మడ్డి గురించి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

క్వాంటం డాట్ల మీద, అంటే పరిమాణాన్ని బట్టి రంగురంగుల వెలుగునిచ్చే అతిచిన్న అర్ధవాహక రేణువుల మీద, నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వెలుగును బాగా వర్ణించావు, వీటికి దక్కిన 2023 నోబెల్‌నూ మరవలేదు. కానీ నాలుగో పేరాలో ‘వీటిని నీటిలో కరిగించి రోగ నిర్ధారణకు వాడుతున్నారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. వ్యాసం మొదలు కావలసింది అక్కడే.

మౌంగీ బవెండీ బృందం నాణ్యమైన డాట్ల తయారీ పద్ధతిని ప్రచురించింది 1993లో. జీవకణాలకు రంగు గుర్తులుగా అవి పనికొస్తాయని పాల్ అలివిసాటోస్ బృందమూ, వారెన్ చాన్, షుమింగ్ నీ జంటా ‘సైన్స్’ పత్రిక ఒకే సంచికలో చూపింది 1998లో. మధ్యలో ఐదేళ్లు! వేడి ద్రావకంలో పుట్టిన ఆ రేణువుల ఒంటి నిండా జిడ్డు తోకల అణువులే. ఆ జిడ్డు ఉంటే నీటిలోకి దిగవు. ఒలిచేస్తే ఒకదానికొకటి అతుక్కుని అడుగుకు చేరతాయి, వెలుగూ తగ్గుతుంది.

అలివిసాటోస్ వాళ్లు సిలికా తొడుగు వేశారు. చాన్, నీ ఒక చిన్న ఆమ్లాన్ని తగిలించారు: దాని ఒక కొసన గంధకం రేణువును పట్టుకుంటుంది, రెండో కొస నీటితో చెలిమి చేస్తుంది. ఆ పట్టు కాంతికి, ఆక్సిజన్‌కు మెల్లగా వదులవుతుంది. 2002లో ఇంకొక బృందం అసలు జిడ్డు జోలికే పోలేదు. తలంటులో కుంకుడు రసం నూనెను పట్టుకున్నట్టు, దాని చుట్టూ ఫాస్ఫోలిపిడ్లను, అంటే ఒక కొస జిడ్డునూ రెండో కొస నీటినీ ఇష్టపడే అణువులను, చేర్చింది. ఆ డాట్లను కప్ప పిండాల్లోకి ఎక్కించి, కణాలు చీలుతూ పోతుంటే వెలుగు వెంట నడిచింది. ఇంత ముచ్చటైన ఘట్టాన్ని వదిలేశావే!

‘కరిగించి’ అనే మాట కొట్టేయి. ఉప్పు కరుగుతుంది, ఇవి విడివిడిగా తేలుతూ నిలబడతాయి, అంతే. నా తొలి వ్యాసంలో ఇదే తప్పు రాస్తే ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలు ఉత్తరం రాసి మరీ చీవాట్లు పెట్టారు. పైగా రక్తం స్వేదనజలం కాదు. విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడిగా ఉన్న రేణువులను అందులోని లవణాలు మళ్లీ గడ్డకట్టిస్తాయి. ప్రోటీన్లు వచ్చి అంటుకుంటాయి. నీటితో కలిసిపోయే పాలిథిలీన్ గ్లైకాల్ అనే పొడవాటి అణువుల గొలుసులు తొడిగేది ఇందుకే. చాలా డాట్ల లోపల ఉండే కాడ్మియం లోహపు విషం సంగతీ దాచకు. పొర చెదిరితే బయటపడేది అదే.

వెలుగునిచ్చే మరో లోహం యూరోపియం మీద రాసిన పేరా తీసేయి. దాని వెలుగును నీటి అణువుల కంపనాలే మింగేస్తాయి. అది వేరే జబ్బు, వేరే వ్యాసం.

తిరగరాసి దీపావళిలోపు పంపు. ఈసారి మొదటి వాక్యంలోనే నాకు ఒక గాజు సీసా కనిపించాలి: పైన తేట నీళ్లు, అడుగున ఎర్రటి మడ్డి.

నీ శ్రేయోభిలాషి