పాత జేసీబీకి లోకల్ పార్టు వేయొచ్చా?

ప్రశ్న: రెండేళ్ల కిందట 2009 మోడల్ జేసీబీ 3డీఎక్స్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వెనక బూమ్ (తవ్వే పొడవాటి చెయ్యి) ఎత్తి లివర్ వదిలేస్తే నిలవడం లేదు, చూస్తుండగానే మెల్లగా దిగిపోతోంది. బూమ్ జాకీకి (దాన్ని ఎత్తి దించే హైడ్రాలిక్ సిలిండర్) సీల్ కిట్ (ఆయిల్ కారకుండా ఆపే రింగుల సెట్టు) మార్పించాను. నలభై రోజులకు మళ్లీ అదే కథ. ఇంకో కిట్ వేశాం, అది నెల కూడా ఆగలేదు. ఒరిజినల్ కిట్టే వేయాలని మెకానిక్ అంటున్నాడు. షాపతనేమో లోకల్‌దీ అదీ ఒకటే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకుడు, సత్తుపల్లి

జవాబు: మూడో కిట్ కొనే ముందు ఒక్క విషయం చెప్పండి. జాకీ విప్పిన రెండుసార్లూ బ్యారెల్ (జాకీ గొట్టం) లోపల టార్చి వేసి ఎవరైనా చూశారా? చాలాచోట్ల చూడరు, పాత సీళ్లు తీసి కొత్తవి ఎక్కించి బిగించేస్తారు. లోపల నిలువు గీతలు పడి ఉంటే పిస్టన్ సీల్ ఎంత మంచిదైనా ఆ గీతల మీద రోజంతా రాసుకుని అరిగిపోతుంది. అప్పుడు ఒరిజినల్ వేసినా మీ డబ్బు పోయినట్టే. గీతలు సన్నగా ఉంటే లోపలి గోడను నున్నగా రుద్దే హోనింగ్‌తో పోతాయి, గోరు తగిలేంత లోతుంటే బ్యారెల్ మార్చాల్సిందే.

అసలు తప్పు జాకీలోనే ఉందా అన్నది ఇంకో సంగతి. కంట్రోల్ వాల్వ్‌లో బూమ్ స్పూల్ (ఆయిల్ దారి మార్చే కడ్డీ) అరిగినా బూమ్ ఇలాగే దిగుతుంది. దీన్ని తేల్చడం కష్టమేమీ కాదు, కాకపోతే తెలిసిన మెకానిక్కే చేయాలి. జాకీని ఒకవైపు చివరిదాకా నడిపి, బకెట్ నేలకు ఆనించి ఇంజిన్ ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపి ప్రెషర్ వదిలేయాలి. తర్వాత రెండో వైపు హోస్ విప్పి, హోస్ మూతికి గట్టిగా బిరడా బిగించి, జాకీ వైపు పోర్టు తెరిచి ఉంచాలి. ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి జాకీని అదే చివరకు మళ్లీ నొక్కితే, తెరిచిన పోర్టులోంచి ఆయిల్ ఆగకుండా కారుతుంటే పిస్టన్ సీల్ పోయినట్టు. కారకపోతే జాకీ జోలికి పోకుండా వాల్వ్ చూపించండి.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఎక్కువ అనుమానం హైడ్రాలిక్ ఆయిల్ మీదే. రెండు కిట్లు అంత త్వరగా పోయాయంటే ఆయిల్లో ఇసుకో ఇనప రజనో తిరుగుతూ ఉండొచ్చు. నాకు ఎదురైనదొకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక బండికి రిటర్న్ ఫిల్టర్ (ట్యాంకుకు తిరిగొచ్చే ఆయిల్ని వడకట్టేది) వేశాను, డబ్బా చూస్తే అచ్చం కంపెనీదే, ధర మాత్రం సగం. కొన్నాళ్లకే పంపు అరుపు మొదలైంది. విప్పి చూస్తే ఫిల్టర్ మూత దగ్గర జిగురు ఊడి ఉంది, ఆయిల్ వడకట్టకుండానే పక్కనుంచి పోతోంది. ఆ ఫిల్టర్‌నీ ఒక ఒరిజినల్‌నీ కత్తితో కోసి, కాగితం మడతలు విప్పి బల్ల మీద పరిచాను. ఒరిజినల్ కాగితం బల్ల ఈ చివర నుంచి ఆ చివరదాకా వచ్చింది, డూప్లికేట్‌ది సగం దాటలేదు. ఫిల్టర్‌లో మిగిలిన కొన్ని వందలకు పంపు పోయింది, పంపు రజను వెళ్లి వాల్వ్‌లో పడింది. ఆ ఓనరు ముందు నిలబడి అది చెప్పడం నాకు ఇప్పటికీ బాధే. అప్పటినుంచి ఫిల్టర్ల విషయంలో నేను బేరమాడను.

ఇక షాపతని మాట. లోకల్ అన్న ఒక్క మాటలో మూడు రకాల సరుకు కలిసిపోతుంది. పేరున్న సీల్ కంపెనీ తన పేరుతో తన ప్యాకెట్లో అమ్మేది ఒకటి, దాన్ని ధైర్యంగా వాడొచ్చు. పేరూ ఊరూ లేకుండా కవర్లో విడిగా ఇచ్చేది రెండోది. వేరే కంపెనీ డబ్బా అచ్చు వేయించి అందులో పెట్టి అమ్మేది మూడోది, ఇది పచ్చి మోసం. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా తయారీదారు పేరు ఏమిటని అడగండి, పార్టు నంబరు వేసి జీఎస్టీ బిల్లు ఇవ్వమనండి. బిల్లు అనగానే మాట మారితే ఆ సరుకు వదిలేయండి.

అన్నీ ఒరిజినల్ వేయాలని నేననను, పదిహేనేళ్లు దాటిన బండికి అంత పెట్టుబడి ఎవరూ పెట్టలేరు. బకెట్ పళ్లు, అద్దాలు, లైట్లు, సీటు లోకల్‌వి వేసుకోండి. పన్ను విరిగితే పని కాస్త నెమ్మదిస్తుంది, అంతకంటే నష్టం లేదు. కీళ్లలో ఉండే పిన్నులూ బుష్‌ల దగ్గర మాత్రం షాపులోనే ఆకురాయి పెట్టి రుద్ది చూడండి. పైన గట్టిపరిచిన పిన్ను మీద ఆకురాయి జారిపోతుంది. పట్టుకుని రజను రాలుతోందంటే అది మెత్తటి ఇనుము. ముఖ్యంగా వెనక బూమ్ అటూ ఇటూ తిరిగే కింగ్ పోస్ట్ దగ్గర అలాంటిది వేస్తే కొన్ని నెలల్లో ఆట (వదులు) వస్తుంది, ఆ తర్వాత లోపలి రంధ్రమే కోడిగుడ్డులా సాగుతుంది, అప్పుడు వెల్డింగ్, లైన్ బోరింగ్ (రంధ్రాన్ని మళ్లీ గుండ్రంగా కోయడం) అంటూ పిన్ను ధరకు ఎన్నో రెట్లు పెట్టాలి. గ్రీజు రోజూ కొట్టకపోతే ఏ పిన్నయినా ఒకటే అనుకోండి.

ప్రశ్న: మా ఆయన జేసీబీ ఆపరేటర్. ఓనరు గారు హోస్ పైపులన్నీ బయట చేయించి వేస్తున్నారు. మొన్న ఒకటి పగిలి కాలే ఆయిల్ మా ఆయన చెయ్యి మీద పడింది. రోజూ పనికి పంపాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, రాజంపేట

జవాబు: అమ్మా, మీ భయంలో న్యాయముంది. పైపు బయట చేయించడం దానికదే తప్పు కాదు, సరైన పైపు, సరైన ఫిట్టింగు, సరైన క్రింపింగ్ (ఫిట్టింగును పైపుకు నొక్కి బిగించడం) ఉంటే బాగానే పనిచేస్తుంది. తప్పెక్కడ జరుగుతుందంటే, రంధ్రం సైజు ఒకటే కదా అని తక్కువ ప్రెషర్ పైపు బిగిస్తారు. ఈ బండి పంపు లైన్లలో ప్రెషర్ 200 బార్ దాటుతుంది. లారీ టైర్లో ఉండే గాలి 10 బార్ కూడా ఉండదు, దాంతో పోల్చుకుంటే మీకే అర్థమవుతుంది. మంచి పైపు మీద పొడుగునా దాని స్టాండర్డు, ప్రెషర్, తయారైన తేదీ అచ్చు వేసి ఉంటాయి. ఆ అచ్చు లేని పైపు వేయొద్దని ఓనరు గారికి గట్టిగానే చెప్పమనండి. రబ్బరు చీలి లోపలి తీగ కనిపిస్తుంటే ఆ పూటే మార్చాలి.

ఇంకొకటి, ఇది మీ ఆయనకు చదివి వినిపించండి. పైపు ఎక్కడ కారుతోందో చెయ్యి పెట్టి వెతకకూడదు. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా ఉంటుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు, కానీ గంటల్లో లోపల కండ చచ్చిపోవడం మొదలై చెయ్యి తీసేయాల్సిన స్థితి రావచ్చు. అట్టముక్క పెట్టి వెతకాలి. ఎప్పుడైనా అలా గుచ్చుకుంటే పసుపు రాసి ఊరుకోకుండా వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, హై ప్రెషర్ ఆయిల్ ఒంట్లోకి పోయిందని స్పష్టంగా చెప్పాలి. బండి ముందువైపు బకెట్ ఎత్తి దాని కింద పని చేసేటప్పుడు జాకీ రాడ్‌కు సేఫ్టీ స్ట్రట్ (జాకీ దిగకుండా ఆపే ఇనప దన్ను) తగిలించాల్సిందే. పాత బండ్లలో చాలావాటికి ఆ స్ట్రట్ ఎక్కడో పోయి ఉంటుంది, మీ బండికి ఉందో లేదో అడగండి.

ప్రశ్న: మా 3డీఎక్స్‌లో బ్రేకు ఆయిల్ తగ్గిందని కార్లకు పోసే డాట్ 3 పోశాం. వారంగా పెడల్ మెత్తగా కిందికి పోతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు బండిని రోడ్డెక్కించకండి. మీ బండి బ్రేకుల్లో పోయాల్సింది మినరల్ రకం తేలికపాటి హైడ్రాలిక్ ఆయిల్, అందులోని సీళ్లు దానికి తగిన రబ్బరుతో చేసినవి. డాట్ ఆయిల్ తగిలితే అవి పాడైపోతాయి. డాట్ తీసేసి మళ్లీ సరైన ఆయిల్ పోస్తే సరిపోదు, లైన్లన్నీ కడిగి మాస్టర్ సిలిండర్ సీళ్లు, యాక్సిల్లోని బ్రేకు పిస్టన్ సీళ్లు మార్చుకోవాలి. ఈ సీళ్లు మాత్రం ఒరిజినలే వేయండి. ఈ బ్రేకులు వెనక యాక్సిల్ లోపల ఆయిల్లో మునిగి ఉంటాయి కాబట్టి పిస్టన్ సీల్ కారినా బయటికి చుక్క కనబడదు. యాక్సిల్ లెవెల్ ప్లగ్ (ఆయిల్ మట్టం చూసే బిరడా) విప్పి చూడండి. ఉండాల్సినదానికంటే ఎక్కువ ఆయిల్ బయటికొస్తే తగ్గిన బ్రేకు ఆయిల్ ఎటు పోయిందో తెలిసిపోతుంది, యాక్సిల్ ఆయిల్ కూడా మొత్తం మార్చాలి.