యుద్ధకాలంలో కాలేజీల్లో భాషలెలా నేర్పారు: గంటల లెక్క

ప్రశ్న ఇదీ: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం యూనివర్సిటీ అధ్యాపకుల చేత కొన్ని నెలల్లోనే సైనికులకు జపనీస్, థాయ్ లాంటి భాషలు నేర్పించిందంటారు. నిజమేనా? ఆ పద్ధతిని మన ఫ్యాకల్టీ ట్రైనింగుల్లో వాడుకోవచ్చా?

నిజమే. వాడుకోవచ్చు కూడా, కానీ వాడుకోరు. ఎందుకంటే అందరూ పద్ధతి గురించే అడుగుతారు, టైమ్‌టేబుల్ గురించి ఎవరూ అడగరు. అసలు పని చేసింది టైమ్‌టేబులే.

1942 డిసెంబరులో అమెరికా యుద్ధ శాఖ ఆర్మీ స్పెషలైజ్డ్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ ప్రకటించింది. క్లుప్తంగా ఏఎస్‌టీపీ అంటారు. ఇంజినీరింగ్, వైద్యం, భాషలు అన్నీ దాని కిందే. 12 వారాలకో టర్ము. సైన్యం పెట్టే వర్గీకరణ పరీక్షలో 115 స్కోరు వచ్చినవాళ్లకే సీటు. ఆఫీసరు శిక్షణకైతే 110 చాలు! అంటే ముందే వడపోసి తీసుకున్నారన్నమాట. ఈ పద్ధతిని పొగిడేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

వారానికి 59 గంటలు. అందులో 24 గంటలు క్లాసు, ల్యాబు. 24 గంటలు చదువు. 6 గంటలు వ్యాయామం. 5 గంటలు కవాతు, ఇతర సైనిక శిక్షణ. రెండో 24 చూశారా? చదువుకునే టైముని హోంవర్కు పేరుతో విద్యార్థి మొహాన పడేయలేదు, టైమ్‌టేబుల్లోనే గంటలు కేటాయించారు. మన దగ్గర ఏ శిక్షణ షెడ్యూలు తీసి చూసినా ఆ గడి ఉండదు. ప్రారంభోత్సవానికి గంటన్నర మాత్రం తప్పకుండా ఉంటుంది.

భాషల విభాగం 55 యూనివర్సిటీల్లో నడిచింది. నమూనా అంతకుముందే సిద్ధంగా ఉంది. అమెరికన్ కౌన్సిల్ ఆఫ్ లెర్నెడ్ సొసైటీస్ అనే పండిత సంఘాల సమాఖ్య 1941 నుంచే చిన్న ఎత్తున ఇంటెన్సివ్ కోర్సులు నడుపుతోంది. అమెరికన్ భాషాశాస్త్రవేత్త లెనర్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1942లో దానికో చిన్న మార్గదర్శి రాసిచ్చాడు. ఆ కోర్సుల్లో వారానికి 15 గంటల దాకా ఆ భాష మాతృభాషగా ఉన్న మనిషితో నోటి సాధన, దానిమీద 20 నుంచి 30 గంటల సొంత చదువు.

ఒక గంట ఎలా నడిచేదో చెప్తాను. గదిలో ఎనిమిది, పది మంది. ఎదురుగా ఇద్దరు: ఒకరు భాషాశాస్త్రవేత్త, రెండోవారు ఆ భాష మాట్లాడే మనిషి. పుస్తకాలు మూసి ఉంటాయి. ఆ మనిషి ఒక వాక్యం మామూలు వేగంతో అంటాడు. నిదానంగా, విడగొట్టి అనకూడదు. అలా అంటే విద్యార్థికి ఆ నిదానమే అలవాటై, రేపు బజారులో ఒక్క ముక్క అర్థం కాదు. అందరూ గట్టిగా అంటారు. అతను మళ్లీ అంటాడు, వీళ్లు మళ్లీ అంటారు. ఆ తర్వాత ఒక్కొక్కరి వంతు. శాస్త్రవేత్త పని వినడం. నాలుక ఎక్కడ తగలాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో చెప్పడం, సాయంత్రానికి ఆ వాక్యాల్లోని వ్యాకరణాన్ని విడదీసి వివరించడం.

ఒక్క నియమం మాత్రం కఠినంగా ఉండేది. ఆ భాష మాట్లాడే మనిషిని "ఎలా అంటారు" అని అడగొచ్చు, "ఎందుకలా అంటారు" అని అడగకూడదు. అడిగితే మర్యాదకైనా ఏదో ఒక సూత్రం అప్పటికప్పుడు అల్లి చెప్తాడు. పదిమందీ రాసుకుంటారు. మూడోరోజు ఆ సూత్రానికి లొంగని వాక్యం వస్తుంది, క్లాసంతా వాదన. ఇంకో చిక్కు, బాగా చదువుకున్న మనిషి దొరికితే తను ఇంట్లో మాట్లాడే భాష వదిలేసి పుస్తక భాష చెప్పడం మొదలుపెడతాడు. గ్రాంథిక, వ్యావహారిక గొడవ చూసిన తెలుగువాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

శాస్త్రవేత్తకి ఆ భాష ముందే వచ్చి ఉండాలన్న నియమం లేదు. ఇక్కడే మనకి సంబంధించిన మనిషి వస్తాడు. భాషాశాస్త్రవేత్త మర్రే ఎమెనో 1935 నుంచి మూడేళ్లు మన దక్షిణాదిలో ఉండి తోడా, కోట, కొడగు, కొలామీ భాషలు సేకరించినవాడు. యుద్ధం వచ్చేసరికి కాలిఫోర్నియా యూనివర్సిటీ ఉన్న బర్క్‌లీలో ఉన్నాడు. సైన్యానికి వియత్నామీ కావాల్సి వచ్చింది. ద్రావిడ భాషల మీద చెయ్యి తిరిగిన మనిషి వెళ్లి వియత్నామీ నేర్పాడు, 1951లో దాని వ్యాకరణమే అచ్చువేశాడు. అదే బర్క్‌లీలో మేరీ హాస్ థాయ్ చూసుకుంది. ఇదే ఎమెనో 1961లో సంస్కృత పండితుడు థామస్ బరోతో కలిసి ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెచ్చాడు. మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు పెన్సిల్వేనియా వెళ్లి డాక్టరేటు చేసిన కాలానికి అక్కడి భాషాశాస్త్ర విభాగాలు ఇలాంటి యుద్ధకాలపు అనుభవం ఉన్నవే. 1941లో ఇంటెన్సివ్ కోర్సులు మొదలుపెట్టిన ఆ కౌన్సిలే 1963లో లీ లిస్కర్ రాసిన మాట్లాడే తెలుగు వాచకాన్నీ ప్రచురించింది.

నేవీ కథ వేరు, ఇంకా గట్టిది. జపనీస్ స్కూలు 1941 అక్టోబరులో హార్వర్డ్‌లోనూ బర్క్‌లీలోనూ మొదలైంది. బర్క్‌లీలో పాఠాలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది జపాన్ మూలాలున్న అమెరికన్లు. 1942 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ 9066 ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాంతో జపాన్ మూలాలున్నవాళ్లు పశ్చిమ తీరం ఖాళీ చేయాల్సి వచ్చింది. ప్రభుత్వంలో ఒక చెయ్యి జపనీస్ మాస్టార్లు అర్జెంటుగా కావాలంటుంటే, ఇంకో చెయ్యి ఆ మాస్టార్లనే ఊళ్లోంచి వెళ్లగొడుతోంది. చేసేదిలేక జూన్‌లో స్కూలునే కొలరాడోలోని బౌల్డర్‌కి మార్చారు. తర్వాత చేరిన అధ్యాపకుల్లో కొందరిని నిర్బంధ శిబిరాల నుంచే పిలిపించుకున్నారు.

బౌల్డర్‌లో సెక్షనుకి ఐదారుగురే. రోజుకి నాలుగు గంటల క్లాసు: రెండు గంటలు చదవడం, ఒక గంట సంభాషణ, ఒక గంట డిక్టేషను. మిగతా మేలుకున్న సమయమంతా మర్నాటి పాఠానికి సిద్ధపడటం. శనివారం పరీక్ష. ఇలా ఏడాదికి పైగా. డొనాల్డ్ కీన్, సైడెన్‌స్టికర్ లాంటి జపనీస్ సాహిత్య అనువాదకులు ఈ నేవీ స్కూలు నుంచి వచ్చినవాళ్లే.

ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ కోర్సు దీనికి పూర్తిగా ఎదురు. 1942 ఫిబ్రవరిలో ఆస్వాల్డ్ టక్ అనే రిటైర్డ్ నావికాధికారి ఆరు నెలల్లో జపనీస్ నేర్పాడు. విద్యార్థులు ఎక్కువగా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో గ్రీకు, లాటిన్ చదివిన కుర్రాళ్లు. వాళ్ల పని చేతికి చిక్కిన జపాన్ సందేశాలు చదవడం కాబట్టి మాట్లాడటం జోలికి పోలేదు. పని ఏమిటో ముందే తేల్చుకుంటే సిలబస్ సగం దానంతటదే పోతుంది.

మళ్లీ ఏఎస్‌టీపీకి వద్దాం. అది చదువులో దెబ్బతినలేదు, పై నుంచి దెబ్బతింది. పదాతిదళంలో మనుషులు చాలడం లేదని సేనాధిపతులు మొదట్నుంచీ గొణుగుతూనే ఉన్నారు. 1944 ఫిబ్రవరిలో యుద్ధ శాఖ ఒక్క ప్రకటనతో లక్షా 10 వేల మందిని ఏప్రిల్ 1 లోపు కాలేజీల్లోంచి తీసి దళాలకి పంపమంది. మిగిలింది 35 వేలు. సగం టర్ములో పుస్తకాలు మూసి రైళ్లెక్కారు. కొందరు 106వ డివిజనులో పడ్డారు. ఆ డిసెంబరులో ఆర్డెన్స్ అడవుల్లో జర్మన్లు చుట్టుముడితే దాని రెండు రెజిమెంట్లు లొంగిపోయాయి. రచయిత కర్ట్ వోనెగట్ ఆ దారినే యుద్ధఖైదీ అయ్యాడు. ఏఎస్‌టీపీలో అతను చదివింది ఇంజినీరింగ్.

యుద్ధం అయ్యాక కాలేజీలన్నీ "ఆర్మీ మెథడ్" అంటూ వెంటపడ్డాయి. తీసుకున్నది గ్రామఫోన్ రికార్డులు, వాక్యాల జాబితాలు. వదిలేసింది గంటలు. లెక్క వేసి చూడండి. 50 నిమిషాల పీరియడ్, ఎనిమిది మంది: మనిషికి ఆరు నిమిషాల నోటి సాధన. వారానికి 15 పీరియడ్లంటే 90 నిమిషాలు. అదే మామూలు కాలేజీలో ముప్పై మంది, వారానికి మూడు పీరియడ్లు: మనిషికి ఐదు నిమిషాలు. 90కీ 5కీ తేడాని ఏ పద్ధతి పూడ్చగలదు?

మన దగ్గర ఈ లెక్కకి కాస్త దగ్గరగా వచ్చింది మైసూరులోని కేంద్రీయ భారతీయ భాషా సంస్థ ప్రాంతీయ భాషా కేంద్రాల కోర్సు. రాష్ట్రాలు డెప్యుటేషన్ మీద పంపే టీచర్లు పది నెలలు అక్కడే ఉండి మరో భారతీయ భాష నేర్చుకుంటారు. తెలుగు కూడా అలా నేర్పుతారు. కేంద్ర విద్యా శాఖ డబ్బుతో నడిచేవాటిలో నేను గౌరవించేది అదొక్కటే అనొచ్చు. మిగతావి మీకు తెలియనివా? రెండొందల మంది ఆన్‌లైన్లో, కెమెరాలన్నీ ఆఫ్, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే ప్రమోషన్ ఫైల్లో పెట్టుకునే సర్టిఫికెట్.

మీ యూనివర్సిటీలో నిజంగా పెట్టదలిస్తే, గ్రూపుకి ఎనిమిది మించొద్దు. ఆ భాష మాట్లాడే మనిషికి గంటల లెక్కన కాకుండా నెల జీతం ఇవ్వండి, రోజుకి నాలుగు గంటలకి మించి సాధన చేయించొద్దు. అయిదో గంటలో గొంతు పోయి, వాక్యాలు నిదానంగా అనడం మొదలుపెడతాడు. అన్నిటికంటే ముందు, చేరేవాళ్ల రిలీవింగ్ ఆర్డర్లు చేతికొచ్చాకే తేదీ ప్రకటించండి. మధ్యలో ఇన్విజిలేషనో ఎన్నికల డ్యూటీయో పడితే అది ఎవరి సంతకంతో రద్దవుతుందో కూడా ఆ ఆర్డర్లోనే రాయించుకోండి.